ఎర్ర కాగితం ఇంటి నీళ్లు

నవంబరు ఆరో తేదీన మా గేటుకి ఎర్ర కాగితం పడింది. తెచ్చింది ప్రొకోపి. ఊరి పరిపాలన చూసేది అతనే, మా ఆయనకి పినతండ్రి కొడుకు కూడా. చలికి జిగురు గడ్డకట్టి కాగితం ఎంతకీ అంటుకోలేదు. జేబులు తడుముకుని నాలుగు మేకులు తీసి, దొరికిన కట్టెముక్కతో కొట్టడం మొదలుపెట్టాడు.

మా అత్త కిటికీకున్న చిన్న గాలిరెక్క తీసి అరిచింది.

"ఒరే ప్రొకోపీ! మేకు వంకరగా దిగుతోందిరా. నా దూడలకొట్టంలో ఉన్నప్పుడూ ఇంతే. ఒక్క మేకు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు."

"ఆ రెక్క మూసెయ్ పెద్దమ్మా. జబ్బు గాల్లో తిరుగుతోందంట."

"లోపల్నించి బయటికా, బయట్నించి లోపలికా? అది కనుక్కుని రా, అప్పుడు మూస్తాను."

మా అత్త పేరు ఒక్త్యాబ్రినా. అక్టోబరు విప్లవం పేరు పెట్టారు కాబట్టి డెబ్బై నాలుగేళ్లు వచ్చినా ఆ వేడి చల్లారలేదని మా ఆయన అయాల్ అంటుంటాడు. ముప్పై ఏళ్లపాటు సర్కారు పశువులశాలలో పాలు పితికేవాళ్ల మీద మేస్త్రీగా ఉంది. మా ఊళ్లో యాభై దాటిన మగవాళ్లలో సగంమంది ఆమె కింద పేడ ఎత్తినవాళ్లే.

జబ్బు వచ్చింది నాకు. నాలుగు రోజులు జ్వరం, ఆ తరవాత వాసనలు పోయాయి. పరీక్షలో అత్తకి లేదని తేలింది. అయినా ఇద్దరం ఇరవై ఒకటో తేదీ దాకా ఇల్లూ వాకిలీ దాటకూడదు. ఇంట్లో ఆమె పొయ్యికి అటువైపు, నేను ఇటువైపు, మధ్యలో దుప్పటి తెర. అయాల్ రెండు నెలల పనికని ఆగస్టులో బంగారు గనికి వెళ్లాడు. జబ్బు భయంతో అక్కడివాళ్లని కదలనివ్వడం లేదు, కొత్తవాళ్లని రానివ్వడం లేదు.

ఇరవై ఒకటి అన్న మాట వినగానే నాకు జబ్బు గుర్తుకు రాలేదు. సరస్సు గుర్తొచ్చింది.

యాకూతియాలో ఇలాంటి ఊళ్లన్నిట్లోలాగే మా ఊళ్లోనూ నీళ్ల గొట్టాన్ని సెప్టెంబరులో కట్టేస్తారు. ఆ తరవాత మేం తాగేదీ వండుకునేదీ సరస్సు మీద కోసి తెచ్చుకున్న మంచుగడ్డ కరిగించిన నీళ్లే. నవంబరు మొదట్లో గడ్డ జానెడున్నర మందం తేలుతుంది. కోత అప్పుడే. ఇరవై ఒకటి నాటికి రెండు జానలు దాటిపోతుంది. అప్పుడు చేతిరంపం దిగదు, దిగినా కోసిన దిమ్మ పైకి లేవదు. పైగా పద్నాలుగో తేదీ శనివారం ట్రాక్టరు వస్తుంది. ఒడ్డున ఎవరి దిమ్మలు ఉంటే వాళ్ల ఇళ్లకి చేర్చి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు.

ప్రతి ఏడూ ఇరుగుపొరుగు మగవాళ్లంతా కలిసి ఒక్కో ఇంటికీ వరసగా కోసిపెట్టేవాళ్లు. ఈసారి ఇల్లు విడిచి ఇంటికి ఎర్ర కాగితం. గుంపుగా పని చేయకూడదని ఉత్తర్వు. కాగితం పడని వాళ్లు తమ దిమ్మలు తాము కోసుకుని, కళ్లు దించుకుని వెళ్లిపోతున్నారు.

మర్నాడు ప్రొకోపి మళ్లీ వచ్చాడు. అయిదేసి లీటర్ల ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఓ పది తెచ్చి మెట్ల మీద దింపి, సీసాలనీ ఎర్ర కాగితాన్నీ కలిపి ఫొటో తీసుకున్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి.

"వదినా, ఇవి వారానికి," అన్నాడు గేటు అవతల్నించి. "తరవాత సంగతి కూడా చూశాను. గడ్డ లేకుండా చలికాలమంతా ఎలా ఉంటారు? పెద్దమ్మకి జిల్లాలో ముసలివాళ్ల వసతిగృహంలో మంచం ఖాళీ ఉంది. నువ్వేమో బడి వంటగదిలో పడుకో. మే నెలలో వచ్చి ఇల్లు తెరుచుకోండి."

"మేలో తెరిస్తే లోపల ఏముంటుంది ప్రొకోపీ? పొయ్యి ఆరిన ఇల్లు ఒక్క చలికాలానికే పగిలిపోతుందని నీకు తెలీదా?"

"ఇల్లు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

"ఏంటి గొణుగుతున్నాడు వాడు?" అని తెర వెనకనించి అత్త.

"నిన్ను వసతిగృహంలో పెడతాడంట అత్తా."

తెర అవతల అడుగుల చప్పుడు. తరవాత గాలిరెక్క తెరుచుకుంది.

"ప్రొకోపీ! నీ పేరు మీద మంచం వేయించుకుని నువ్వు పడుకో. రాత్రిళ్లు నేనొచ్చి దుప్పటి కప్పుతాను."

అతను వెళ్లిన తరవాత సీసాలు లోపలికి తెచ్చాను. అప్పటికే ఏడు పగిలి ఉన్నాయి. గడ్డకట్టి ఉబ్బి, అడుగున నిలువునా చీలాయి. కరిగేకొద్దీ నేలంతా మడుగు. తుడుస్తూ తుడుస్తూ నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీలేదు. అత్త మాత్రం తెర పక్కకి లాగి నన్నే చూస్తోంది. మాస్కు గడ్డం కింద ఉంది.

"రంపం ఎక్కడుంది?" అంది.

"ఇల్లు దాటకూడదు కదత్తా."

"ఎందుకు దాటకూడదు?"

"నా నించి ఇంకోళ్లకి అంటకూడదని."

"సరస్సు మీద ఇంకోళ్లెవరున్నారు? పొద్దున్నే అందరూ వెళ్లి పది గంటలకల్లా వచ్చేస్తున్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా. పదింటికి నువ్వెళ్లు. కోసే చోటు కూడా చూసి పెట్టాను, రెల్లుకి దూరంగా."

"ఇల్లూ వాకిలీ అని రాశాడు కాగితంలో."

"వాకిలి ఎక్కడిదాకా?"

"కంచెదాకా."

"ఆ కంచె వేసింది నేను. ఎక్కడిదాకా అన్నది నేను చెబుతాను."

నేను అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆదివారమంతా ఆలోచించాను. బడి పిల్లలకి ఇరవై ఏళ్లుగా వండిపెడుతున్నదాన్ని, అంటించడమంటే ఏమిటో నాకు తెలుసు. నా వల్ల ఎవరికైనా వస్తే ఆ ముఖం చూడలేను. కానీ నా పది అడుగుల్లోకి ఎవరూ రాని చోట, మైనస్ ముప్పై అయిదు డిగ్రీల చలిలో, నేను ఒక్కదాన్నే గడ్డ కోసుకుంటే ఎవరికి అన్యాయం చేసినట్టు? ఎంత ఆలోచించినా ఆ మనిషి కనపడలేదు. సోమవారం పొద్దున జారుడుబండి మీద రంపం, గునపం వేసుకుని కూరగాయల పెరడు వెనకనించి దిగాను.

పక్క వాకిట్లో సర్దానా కట్టెలు చీలుస్తోంది. వాళ్ల గేటుకీ ఎర్ర కాగితమే. మొగుడికి ఇంకా లేవడానికి ఓపిక రాలేదు.

"అక్కా, ఎక్కడికి? నీకేమైనా మతిపోయిందా?"

"వాసనొక్కటే పోయింది, మతి ఉంది."

"పట్టుకుంటే జరిమానా వేస్తారు!"

"పట్టుకోవాలంటే దగ్గరికి రావాలిగా."

సరస్సుని మేం పేరు పెట్టి పిలవం. అవ్వ అంటాం. అవ్వ మీదకి వెళ్లినవాళ్లు ముందు ఏదైనా పెట్టాలి. అట్టుముక్క మీద వెన్న వేసి గడ్డ మీద పెట్టాను. అక్కడ తిట్టుకోకూడదు, గొంతు పెంచకూడదు. తాగి వీధిలో చొక్కాలు చించుకునేవాళ్లు కూడా సరస్సు మీదకి వచ్చేసరికి గుసగుసలాడుకుంటారు. "కోసుకుపోతాం అవ్వా, కోపం తెచ్చుకోకు" అని నాలో నేను అనుకుని మోకాళ్ల మీద కూచున్నాను.

ఫోను టోపీలో, చెవి దగ్గర పెట్టుకున్నాను. కిటికీ దగ్గర అత్త, చేతిలో మామగారి వేట బైనాక్యులర్.

"అక్కడ కాదే. ఇంకా ఎడమకి. నీ ఎడమ కాదు, నా ఎడమ."

"నీ ఎడమ నాకెలా తెలుస్తుందత్తా?"

"నాకెదురుగా నిలబడు, తెలుస్తుంది. ఆఁ, అక్కడ. రంపం నిలువుగా పట్టు. రొట్టె కోస్తున్నావా ఏంటి?"

పది పోట్లకొకసారి ఆగాల్సొచ్చింది. జబ్బుకి ముందు ఊపిరి అనేదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు అది ఛాతీలో సగందాకా వచ్చి వెనక్కి తిరిగిపోతోంది. "ఎందుకు ఆగావు?" అని అత్త అడగలేదు. నేను ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగింది. ఇరవై నిమిషాలకి చలికి ఫోను చచ్చిపోయింది. ఆమె మాట లేకపోయేసరికి సరస్సు మరీ పెద్దదైనట్టు అనిపించింది.

మధ్యాహ్నానికి పన్నెండు దిమ్మలు కోశాను. అయాల్ కొలతే నా కొలత అనుకున్నాను. గునపం ఆసరాతో వాలుగా పైకి లాగగలిగాను గానీ ఒక్కదాన్నీ నిలబెట్టలేకపోయాను. ఒక్కొక్కటి దూడంత బరువు. సరే, రేపు చూద్దామని వాటిని అలాగే పడుకోబెట్టి ఇంటికొచ్చాను.

గర్వంగా పన్నెండని చెప్పాను.

"నిలబెట్టావా?" అంది అత్త.

నేను చేతితొడుగులు తీసి పొయ్యి మీద ఆరబెట్టాను.

"పడుకోబెట్టి వచ్చావా! తడి దిమ్మని తడి గడ్డ మీద పడుకోబెట్టి వచ్చావా? పుట్టింది ఈ ఊళ్లోనేనా నువ్వు? అయిదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. దిమ్మ కోసిన వెంటనే నిలబెట్టాలి, ఆరాలి. పొద్దున్నకల్లా అవి దిమ్మలు కావు, మళ్లీ సరస్సే!"

"బరువత్తా. లేవలేదు."

"లేవనంత పెద్దవి ఎవడు కోయమన్నాడు?"

"నీ కొడుకు కోసేవి అంతే ఉంటాయి."

"వాడి చేతులు వాడివి, నీ చేతులు నీవి. వాడి బూట్లు కూడా వేసుకుని వెళ్లకపోయావా?"

తిట్టడం అయిపోయాక ఆమె లేచి, తన ఎలుగ్గొడ్డు కొవ్వు డబ్బా తెర కిందనించి నా వైపు తోసింది. వీపుకి రాసుకోమని. ఆ డబ్బా ఆమె ఎవరికీ ఇవ్వదు.

మంగళవారం అంతా ఊడదీయడమే. పన్నెండూ అవ్వకి అతుక్కుపోయి ఉన్నాయి. చుట్టూ గునపంతో పొడిచి పొడిచి ఒక్కొక్కదాన్నీ విడిపించి, రంపంతో రెండుగా కోసి నిలబెట్టాను. నాలుగు విడిపించేటప్పుడే పగిలిపోయాయి. మిగిలినవి పదహారు ముక్కలు, నా చేతులకి సరిపోయేవి. ఎండ వాటిలోంచి నీలంగా దిగుతుంటే ఊపిరి తీసుకోవడానికి ఆగి, అటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడే ఎవరో ఒడ్డునించి ఫొటో తీశారు.

ఇంటికి వచ్చేసరికి గ్రూపంతా అదే. "ఎర్ర కాగితం ఇంటి మనిషి అవ్వ మీద తిరుగుతోంది. మనమంతా తాగే నీళ్లు!" కింద ఒకరు చేతులు జోడించిన బొమ్మలు, ఒకరు పోలీసు బొమ్మ. ఒకావిడ, ఆమె పిల్లలిద్దరికీ నేను పదేళ్లు గంజి వడ్డించాను, "కొంతమందికి సిగ్గుండదు" అని రాసింది.

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. అత్త తన ఫోను తీసుకుంది. అక్షరాలు నొక్కడం ఆమెకి రాదు, మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి మాట్లాడటం వచ్చు.

"నేను ఒక్త్యాబ్రినాని. సరస్సు మీద ఉన్నది మా కోడలు తుయారా. ఫొటోలో ముఖం సరిగ్గా పడలేదు, ఈసారి దగ్గరికెళ్లి తియ్యండి. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టలేదు, ఉమ్మలేదు. మీ మొగుళ్లు ప్రతి ఏడూ అక్కడేం చేస్తారో బైనాక్యులర్లో చూశాను, పేర్లతో సహా చెప్పమంటే చెబుతాను."



బుధవారం ప్రొకోపి సరస్సు మీదకే వచ్చాడు. నేను ఏడో దిమ్మ మీద ఉన్నాను. తలెత్తితే యాభై అడుగుల అవతల నిలబడి ఉన్నాడు. మాస్కు ఊపిరి తడికి రేకులా బిగుసుకుపోయింది. చేతిలో కాగితం. చదువుతున్నాడని మాస్కు కదలడం చూసి తెలిసింది. నా చెవుల మీద టోపీ, అతని ముఖం మీద రేకు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెవి చూపించి తల అడ్డంగా ఊపాను.

నాలుగడుగులు ముందుకి వేశాడు. అప్పుడే నాకు దగ్గు వచ్చింది. కావాలని దగ్గలేదు. అతను ఎనిమిది అడుగులు వెనక్కి వెళ్లాడు.

"వది..." అని గొంతెత్తాడు.

ఎత్తి, టక్కున ఆపేశాడు. కాళ్ల కింద గడ్డ వైపు చూశాడు. ఊరి పెద్దయినా, చేతిలో జిల్లా ముద్ర ఉన్న కాగితమున్నా అతనూ ఈ ఊరివాడే. అవ్వ మీద అరవలేడు. జబ్బు భయానికి నా దగ్గరికి రాలేడు. ఫోను తీసి చూశాడు, అది చచ్చి ఉంది. నాదీ అంతే.

చివరికి కాగితాన్ని గడ్డ మీద పెట్టి, దాని మీద కలం పెట్టి, వెనక్కి జరిగాడు. నేను వెళ్లి చదివాను. వెంటనే ఇంటికి పోవాలి, చేసింది తప్పని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. కలంలో సిరా గడ్డకట్టింది. కలం పట్టుకుని అతని వైపు నడిచాను, పనిచేయడం లేదని చూపిద్దామని. నేను రెండడుగులు వేస్తే అతను మూడు వెనక్కి వేశాడు. ఇంకో రెండు వేశాను. ఒడ్డుదాకా అలాగే వెనక్కి నడుస్తూ వెళ్లి, రెల్లుదుబ్బు తగిలి కూలబడ్డాడు. నేను కాగితం మడిచి, ఎగిరిపోకుండా గడ్డముక్క బరువు పెట్టి, నా రంపం దగ్గరికి వచ్చేశాను. సంతకం పెట్టలేదు. సిరా కరిగి ఉన్నా పెట్టేదాన్ని కాదు.

ఇంటికొచ్చేసరికి అత్త నవ్వి నవ్వి ఎక్కిళ్లతో ఉంది. "నాట్యం చేశాడే! నా దూడలకొట్టంలో కూడా అంత చక్కగా వెనక్కి నడిచిన దూడని చూడలేదు."

సాయంత్రం గ్రూపులో ప్రొకోపి రాశాడు. ఎర్ర కాగితం ఉన్న ఇళ్లకి ట్రాక్టరు రాదని. అత్త నవ్వు అక్కడితో ఆగింది. అవ్వ దగ్గరనించి మా గేటుకి ఎక్కుడు దారి. జారుడుబండి మీద ఒక్కసారికి రెండు ముక్కలు వస్తాయి. ఎన్నిసార్లు ఎక్కగలనో నా ఛాతీకి తెలుసు.

"లాగుతాను," అన్నాను.

"చచ్చిపోతావు."

"రోజుకి కొన్ని లాగుతాను. మంచం మీద పడుకుని వసతిగృహం గంజి తాగడానికి నిన్ను పంపను."

అత్త తెర అవతల చాలాసేపు ముక్కు ఎగబీల్చింది. జలుబేమో అనుకుని భయపడ్డాను. జలుబు కాదు.

కట్టెలకోసం వాకిట్లోకి వస్తే కంచె అవతల సర్దానా నిలబడి ఉంది.

"అక్కా, నిన్ను ఏమన్నాడు?"

"అనడానికి అక్కడ నోరు లేవలేదు పాపం."

ఆమె నవ్వలేదు. "మా ఇంట్లో నిన్నటితో నీళ్లు అయిపోయాయి. మంచు ఎత్తి కరిగిస్తున్నా. కుండెడు మంచుకి గ్లాసెడు నీళ్లు, అవీ మసి రంగు." నా జారుడుబండి వైపు చూసి, "నీకు ఇంకో గునపం ఉంటే ఇస్తావా?" అంది.

"నేను పట్టుకున్న గునపం, నీకు జబ్బు అంటుకుంటే?"

"ఉన్నదే కదక్కా, కొత్తగా ఏం అంటుతుంది!"

ఇద్దరం కంచెకి అటూ ఇటూ పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాం.

గురువారం నేను దిగేసరికి సర్దానా అవ్వ మీద ఉంది, వాళ్ల ఇంటివాళ్లు ఏటా కోసే చోట, నాకు వంద అడుగుల దూరంలో. కొలత చిన్నది పెట్టుకోమని చేతులతో చూపించాను. తల ఊపింది. శుక్రవారం పొద్దున్న పెరట్లోంచి బయటికొచ్చి ఆగిపోయాను. సరస్సు మీద తొమ్మిది మంది ఆడవాళ్లు. అందరూ ఎర్ర కాగితం ఇళ్లవాళ్లే. ఎవరి చోట వాళ్లు మోకాళ్ల మీద, కేక వేస్తేగాని ఒకరి మాట ఒకరికి వినపడనంత దూరంలో. కేక వేసేవాళ్లూ లేరు. రంపాల చప్పుడొక్కటే. ఉత్తర్వులో ఆరడుగులని రాశారు. మేం దానికి పదింతలు పైగా పాటించాం. నా గురించి సిగ్గులేదని రాసినావిడ కూడా ఉంది. బుధవారం ఆమె గేటుకీ కాగితం పడిందట. ఆమె దిమ్మలు పడుకోబెడుతోంది. నేను రంపం ఆపి, లేచి, అంత దూరంనించీ రెండు చేతులూ పైకెత్తి నిలబెట్టినట్టు చూపించాను. ఆమె కాసేపు అర్థంకానట్టు చూసి, వంగి, దిమ్మని ఎత్తడం మొదలుపెట్టింది.

పదకొండింటికి ప్రొకోపి ఒడ్డుకొచ్చాడు. చంకలో కాగితాల కట్ట. ఇంతమందికీ తలా ఒకటి రాసుకొచ్చినట్టున్నాడు. గడ్డ మీదకి ఒక కాలు పెట్టాడు. ఈ చివరనించి ఆ చివరదాకా మమ్మల్ని చూశాడు. మాస్కు కిందకి లాగి నోరు తెరిచాడు. ఎవరూ తలెత్తలేదు, రంపాలు ఆగలేదు. తెరిచిన నోట్లోంచి ఆవిరి మాత్రం వచ్చింది.

చివరికి కాగితాల కట్టని కోటు లోపలికి తోసేసుకుని నా వైపు తిరిగాడు. గాలిలో చేత్తో పెద్ద చక్రం గీశాడు, ట్రాక్టరు స్టీరింగు తిప్పినట్టు రెండు చేతులూ ఆడించాడు. ఒడ్డు చూపించాడు. రేపు అన్నట్టు వేలు ముందుకి ఊపాడు. ఆ తరవాత అదే వేలు పెదాల మీద పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని.

నేను చేతులు జోడిస్తాననో, కనీసం తల ఊపుతాననో ఎదురుచూశాడనుకుంటాను. మా కిటికీలోంచి బైనాక్యులర్ నన్నే చూస్తూ ఉంటుందని తెలుసు. నాకు మాత్రం తీరిక లేదు. కోసిన దిమ్మ నీళ్లలో తేలుతోంది. ఇంకో పావుగంట వదిలేస్తే మళ్లీ సరస్సుతో కలిసిపోతుంది. గునపం దాని కిందకి దించి, భారమంతా వేసి నొక్కాను.